చూసినదాన్ని మెదడు ఎలా తేల్చుకుంటుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

కంటికి కనిపించడానికీ, కనిపించింది ఏమిటో తేల్చుకోవడానికీ మధ్య మెదడులో ఏం జరుగుతుందన్న దాని మీద అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. సైకాలజీ, జువాలజీ చదివే విద్యార్థులు అడుగుతున్నారు, ఇంజనీరింగ్ చేసి న్యూరోసైన్స్ వైపు రావాలనుకునేవాళ్లు అడుగుతున్నారు, పేపర్లో "మెదడులో ఫలానా భాగం వెలిగింది" అన్న వార్త చూసినవాళ్లూ అడుగుతున్నారు. అందుకే వాటిని ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా కదిలే చుక్కల ప్రయోగాల నుంచే తీసుకున్నాను. ఒక న్యూరాన్ (మెదడు కణం) స్పందన నుంచి ఒక తీర్పు దాకా దారిని ఇంత ఓపికగా, ఇన్ని వైపుల నుంచి పరీక్షించిన సందర్భాలు ఈ రంగంలో చాలా తక్కువ.

## మొదలుపెట్టే ముందు

చూడగానే తెలిసిపోతుంది కదా, మధ్యలో "నిర్ణయం" ఎక్కడుంది?

పట్టపగలు ఎదురుగా ఉన్న చెట్టును చూసినప్పుడు నిర్ణయం ఉన్నట్టు అనిపించదు. సందె చీకట్లో రోడ్డు మీద దూరంగా లైట్లు కనిపించి, ఆ బండి మన వైపు వస్తోందో, అటు పోతోందో తేలనప్పుడు అనిపిస్తుంది. కంటికి అందిన సమాచారం చాలదు, అయినా దాటాలా ఆగాలా అన్నది తేల్చుకోవాలి. ఇంద్రియాల నుంచి వచ్చిన ఆధారాన్ని బట్టి రెండు మూడు అవకాశాల్లో ఒకదాన్ని ఎంచుకోవడాన్నే గ్రహణ నిర్ణయం అంటారు. ఆధారం బలంగా ఉంటే ఇది క్షణంలో అయిపోతుంది కాబట్టి మనకు తెలియదు. ఆధారం బలహీనపడినప్పుడే ఆలస్యం, తప్పు, తటపటాయింపు బయటపడతాయి. శాస్త్రవేత్తలు కావాలనే అంత కష్టమైన దృశ్యాలు తయారు చేసేది అందుకే.

ఇంద్రియ ప్రాంతాలు అంటే కళ్లు, చెవులేనా?

కాదు. ఇక్కడ మాట్లాడేది మెదడు పైపొర, అంటే కార్టెక్స్‌లో ఉండే ప్రాంతాల గురించి. కంటి నుంచి వచ్చే సమాచారం ముందు తల వెనుక భాగంలో ఉన్న వీ1 అనే ప్రాంతానికి చేరుతుంది. అక్కడి నుంచి వీ2, వీ4, ఎంటీ వంటి ప్రాంతాలకు వెళ్తుంది. ఎంటీలో ఎక్కువ న్యూరాన్లు కదలిక దిశకు స్పందిస్తాయి: ఒకటి కుడి వైపు కదలికకు గట్టిగా, ఇంకొకటి పైకి పోయే కదలికకు గట్టిగా. 1970ల మొదట్లో కోతుల్లో దీన్ని గుర్తించారు. మనుషుల్లో దీనికి సాటి వచ్చే ప్రాంతాన్ని వీ5 అని కూడా అంటారు. స్పర్శకు, వినికిడికి ఇలాగే వేరే ప్రాంతాలున్నాయి.

అదే దృశ్యం మళ్లీ చూపిస్తే న్యూరాన్ అంతే స్పందించాలి కదా?

స్పందించదు. ఈ విషయం మొత్తానికి ఇదే మూలం. న్యూరాన్ తన స్పందనను చిన్న చిన్న విద్యుత్ స్పందాల రూపంలో పంపుతుంది, వాటిని స్పైకులు అంటారు. అచ్చంగా అదే దృశ్యాన్ని పదిసార్లు చూపిస్తే ఒకసారి 20 స్పైకులు, ఇంకోసారి 31, మరోసారి 14 రావచ్చు. కార్టెక్స్‌లో ఈ హెచ్చుతగ్గులు చాలా ఎక్కువ. సగటు పెరిగే కొద్దీ చెల్లాచెదురూ దాదాపు అదే లెక్కన పెరుగుతుంది.

అలాంటప్పుడు మెదడులో దీన్ని చదివే తర్వాతి దశకు ఒక చిక్కు వస్తుంది. ఇప్పుడు 25 స్పైకులు వచ్చాయి, అవి బయటి కదలిక వల్ల వచ్చాయా, ఊరికే వచ్చాయా? ఇలాంటి ప్రశ్నకు గణితం రాడార్ కాలంలోనే తయారైంది. శత్రు విమానమా, తెర మీది రొదా అని తేల్చాల్సిన అవసరం నుంచి పుట్టిన సిగ్నల్ డిటెక్షన్ సిద్ధాంతాన్నే తర్వాత మనుషుల చూపుకూ, వినికిడికీ, ఆపైన న్యూరాన్లకూ వాడారు.

## చుక్కల ప్రయోగం

అందరూ చెప్పే ఆ కదిలే చుక్కల ప్రయోగం అసలు ఏమిటి?

తెర మీద గుండ్రటి చోట చాలా చుక్కలు మెరుస్తూ ఉంటాయి. వాటిలో కొన్ని ఒకే దిశలో కదులుతాయి, మిగతావి ఎటు పడితే అటు పోతాయి. ఒకే దిశలో పోయే చుక్కల శాతాన్ని కొహెరెన్స్ అంటారు. 100 శాతం ఉంటే ఎవరైనా చెప్పేస్తారు. 5 శాతం దగ్గర కళ్లు చికిలించుకోవాలి. 0 శాతం అంటే అసలు దిశే లేదు, అయినా ఏదో ఒకటి చెప్పాలి.

కోతి మధ్యలోని బిందువు మీదే చూపు నిలుపుతుంది. చుక్కలు పోయాక, అవి ఎటు కదిలాయనుకుందో అటున్న గుర్తు వైపు కళ్లు తిప్పుతుంది. సరిగ్గా చెబితే ఒక గుక్క నీళ్లో, జ్యూసో ఇస్తారు. ఇదంతా జరుగుతున్నప్పుడు ఎంటీ ప్రాంతంలో ఒక న్యూరాన్ స్పైకులు రికార్డవుతుంటాయి. విలియం న్యూసమ్, కెనెత్ బ్రిటెన్, ఆంథొనీ మూవ్‌షన్ 1989లో ఈ పద్ధతి మీద ఇచ్చిన ఫలితమే ఈ రంగానికి పునాది.

చుక్కలే ఎందుకంటే, ఏ ఒక్క చుక్కను వెంబడించినా జవాబు దొరకదు. కదలికను మొత్తంగా గ్రహించాల్సిందే. పైగా కష్టాన్ని ఒక్క అంకెతో పెంచవచ్చు, తగ్గించవచ్చు. ఇంత చిన్న ఉపాయం ఇన్ని దశాబ్దాలు నిలబడిందంటే కారణం ఈ రెండే.

కోతుల మీద ఎందుకు చేస్తారు? మనుషుల మీద చేయకూడదా?

మనుషుల మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టేది వైద్య అవసరం ఉన్నప్పుడే, ఉదాహరణకు మూర్ఛ ఎక్కడ మొదలవుతోందో కనుక్కోవడానికి. ఎక్కడ పెట్టాలన్నది జబ్బును బట్టి ఉంటుంది, పరిశోధకుడి ప్రశ్నను బట్టి కాదు. మకాక్ కోతి చూపు వ్యవస్థ మన చూపుకు చాలా దగ్గర, నేర్పితే వేల సార్లు ఓపికగా జవాబు చెబుతుంది. మెదడు కణజాలంలో నొప్పిని పసిగట్టే గ్రాహకాలు లేవు కాబట్టి సన్నటి ఎలక్ట్రోడ్ దిగినందువల్ల అక్కడ నొప్పి తెలియదు. అయినా ఆ జంతువుకు సర్జరీ జరుగుతుంది, దాని జీవితం ల్యాబులోనే గడుస్తుంది. కాబట్టి ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదని నా అభిప్రాయం. అనుమతులు, పర్యవేక్షణ కఠినంగా ఉండాల్సిందే, ఇతర పద్ధతిలో తేలే ప్రశ్నకు కోతిని వాడకూడదు. ఇక్కడ చెప్పే ఫలితాల్లో చాలావాటిని వేరే దారిలో తెలుసుకునే వీలు మాత్రం అప్పట్లో లేదు.

ఒక్క న్యూరాన్, కోతి మొత్తం చెప్పినంత బాగా చెప్పగలదంటే నమ్మాలా?

ఆశ్చర్యంగానే ఉంటుంది కానీ లెక్క అదే చెప్పింది. పద్ధతి ఇలా ఉంటుంది. ఒక న్యూరాన్‌కు ఇష్టమైన దిశలో చుక్కలు కదిలినప్పుడు ఎన్ని స్పైకులు వచ్చాయో, సరిగ్గా ఎదురు దిశలో కదిలినప్పుడు ఎన్ని వచ్చాయో రెండు కుప్పలుగా పెడతారు. ఈ స్పైకులు మాత్రమే చూసి దిశ చెప్పమంటే ఎన్నిసార్లు సరిగ్గా చెప్పగలమో లెక్క వేస్తారు. ఒక్కో కొహెరెన్స్ దగ్గర ఇలా చేస్తే ఆ న్యూరాన్‌కు ఒక గీత వస్తుంది. అదే సమయంలో కోతి ఇచ్చిన జవాబులతో ఇంకో గీత వస్తుంది. సగటున రెండు గీతలూ దాదాపు ఒకే చోట పడ్డాయి. కొన్ని న్యూరాన్లు కోతి కంటే మెరుగ్గా ఉన్నాయి, కొన్ని వెనకబడ్డాయి.

ఒక జాగ్రత్త అవసరం. ఆ ప్రయోగాల్లో చుక్కల దిశ, వేగం, చోటు, సైజు అన్నీ రికార్డు చేస్తున్న న్యూరాన్‌కు నప్పేలా ఎంచుకున్నారు. అంటే న్యూరాన్‌కు బాగా అనుకూలమైన పరీక్ష అది. చుక్కలు కనిపించిన రెండు సెకన్లూ లెక్కలోకి తీసుకున్నారు, కోతి మాత్రం అంతసేపూ ఒకేలా గమనించి ఉండకపోవచ్చు.

అలాంటి న్యూరాన్లు వేలున్నప్పుడు కోతి ఒక్క న్యూరాన్ కంటే ఎంతో బాగా చెప్పాలి కదా?

ఇది నాకు వచ్చే ప్రశ్నల్లో అన్నిటికంటే పదునైనది. వంద న్యూరాన్ల హెచ్చుతగ్గులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటే, వాటి సగటు తీసుకుంటే రొద పదో వంతుకు తగ్గాలి. అప్పుడు కోతి ఒక్క న్యూరాన్ కంటే పది రెట్లు నిశితంగా ఉండాలి. అలా లేదు.

కారణం ఆ హెచ్చుతగ్గులు విడివిడిగా లేకపోవడమే. 1994లో జొహారీ, షాడ్లెన్, న్యూసమ్ పక్కపక్కనే ఉన్న ఎంటీ న్యూరాన్లను జంటగా రికార్డు చేశారు. ఒకటి ఆ సారి కాస్త ఎక్కువ స్పందిస్తే రెండోదీ కొంచెం ఎక్కువే స్పందిస్తోంది. సహసంబంధం సగటున 0.12 (అసలు సంబంధం లేకపోతే 0, పూర్తిగా కలిసి మారితే 1). చూడటానికి చిన్న అంకె. కానీ ఊళ్లో అభిప్రాయం తెలుసుకోవాలని వెళ్లి ఒకే ఇంట్లో వాళ్లందరినీ అడిగితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఎందరిని అడిగినా కొత్తగా తెలిసేది తగ్గిపోతుంది. 0.12 ఉమ్మడి హెచ్చుతగ్గులు ఉంటే, న్యూరాన్లు ఎన్ని కలిపినా లాభం మూడు రెట్లకు మించదు. సుమారు వంద దాటాక ఇంకా కలిపి పెద్ద ప్రయోజనం లేదు.

ఇది తెలిశాక ఈ రంగంలో ప్రశ్నే మారింది. "న్యూరాన్లు ఎన్ని" అన్నది వెనక్కి వెళ్లి, "అవి కలిసి ఎలా ఊగుతున్నాయి, ఆ ఊపు ఎక్కడి నుంచి వస్తోంది" అన్నది ముందుకు వచ్చింది.

## న్యూరాన్‌కూ తీర్పుకూ మధ్య సంబంధం

చాయిస్ ప్రాబబిలిటీ అంటే ఏమిటి? సులువుగా చెప్పగలరా?

చుక్కలకు దిశే లేని సందర్భాలను తీసుకోండి, అంటే కొహెరెన్స్ 0 శాతం. తెర మీద ఉన్నది ప్రతిసారీ ఒకే రకం. అయినా కోతి కొన్నిసార్లు "కుడి" అంటుంది, కొన్నిసార్లు "ఎడమ" అంటుంది. ఇప్పుడు కుడి దిశ అంటే ఇష్టపడే ఒక ఎంటీ న్యూరాన్‌ను చూద్దాం. కోతి "కుడి" అన్న సందర్భాల నుంచి ఒకటి, "ఎడమ" అన్న సందర్భాల నుంచి ఒకటి యాదృచ్ఛికంగా తీయండి. మొదటిదాంట్లో స్పైకులు ఎక్కువగా ఉండే అవకాశం ఎంత? అదే చాయిస్ ప్రాబబిలిటీ.

ఆ న్యూరాన్‌కూ తీర్పుకూ సంబంధమే లేకపోతే 0.5 వస్తుంది. న్యూరాన్ చూసి తీర్పును ప్రతిసారీ ముందే చెప్పగలిగితే 1 వస్తుంది. 1996లో బ్రిటెన్ బృందం ఎంటీలో సగటున 0.55 దాకా ఉందని చూపింది. బయటి దృశ్యం మారకపోయినా ఇంద్రియ ప్రాంతంలోని ఒక కణంలో వచ్చే చిన్న హెచ్చుతగ్గులకూ, జంతువు చెప్పే జవాబుకూ ముడి ఉందని దీనివల్ల తెలిసింది.

0.55 అంటే నాణెం ఎగరేసినదానికి కాస్త ఎక్కువ. దానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు?

లక్షల న్యూరాన్లున్న చోట ఒక్క న్యూరాన్‌ను ఎంచుకుని చూస్తున్నాం. ప్రతిదీ తనంతట తాను ఊగుతూ, తీర్పు అన్నిటి సగటు మీద ఆధారపడి ఉంటే, ఒక్కో న్యూరాన్ ప్రభావం ఎంత చిన్నదంటే మనం కొలిచే అంకె 0.5 నుంచి కదలనే కదలదు. కదిలిందంటే ఆ న్యూరాన్ తనలాంటి చాలా న్యూరాన్లతో కలిసి ఊగుతోందని అర్థం. అది ఒక గుంపుకు ప్రతినిధి అన్నమాట.

ఈ అంకె పనిని బట్టి మారుతుంది కూడా. అటూ ఇటూ తిరుగుతున్నట్టు కనిపించే చుక్కల స్తంభం ఒకటి ఉంది, ముందు భాగం ఎటు తిరుగుతోందో లోతు తెలిస్తేనే చెప్పగలం. లోతు సూచన తీసేస్తే ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగినట్టు కనిపిస్తుంది. ఆ పనిలో 2001లో ఆక్స్‌ఫర్డ్ బృందం ఎంటీ న్యూరాన్లలో 0.67 సగటు చూసింది. ఒక్క కణానికి అది చాలా పెద్ద అంకె.

న్యూరాన్ స్పందన తీర్పుతో కలిసి మారుతోందంటే, తీర్పుకు అదే కారణం అన్నట్టేనా?

కాదు. నేను ఈ పేజీ రాయడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఈ ఒక్క అపోహే. కలిసి మారడానికి కనీసం మూడు దారులున్నాయి.

మొదటిది, ఆ న్యూరాన్ నిజంగా తీర్పుకు ఆధారం అందిస్తోంది. రెండోది, అది ఏమీ అందించడం లేదు, అందించే న్యూరాన్లతో కలిసి ఊగుతోంది అంతే. తీర్పు చెప్పే దశ ఆ న్యూరాన్ వైపు చూడకపోయినా దానికి 0.55 వస్తుంది. మూడోది, తీర్పు ముందే ఒక వైపు మొగ్గింది, ఆ మొగ్గు పై దశల నుంచి వెనక్కి ఇంద్రియ ప్రాంతానికి చేరింది. అప్పుడు న్యూరాన్ స్పందన తీర్పుకు కారణం కాదు, తీర్పు ఫలితం.

కార్టెక్స్‌లో ముందుకు పోయే దారులు ఎన్ని ఉన్నాయో వెనక్కి వచ్చే దారులూ అంత దండిగా ఉన్నాయి కాబట్టి మూడో దారిని కొట్టిపారేయలేం. 2013లో హాఫ్నర్, ఆయన సహచరులు గణితంతో తేల్చింది కూడా ఇదే: ఒక న్యూరాన్ చాయిస్ ప్రాబబిలిటీ నుంచి దానికి తీర్పులో ఎంత వాటా ఉందో చెప్పాలంటే, ముందు ఆ గుంపులో హెచ్చుతగ్గుల సంబంధాలన్నీ తెలియాలి. అవి తెలియకుండా ఒక్క అంకెను పట్టుకుని కారణం అనడం కుదరదు.

తీర్పు వెనక్కి వచ్చి ఇంద్రియ ప్రాంతాన్ని మారుస్తుందనడానికి రుజువు ఉందా?

ఉంది. 2009లో హెండ్రికే నీన్‌బోర్గ్, బ్రూస్ కమింగ్ లోతును చెప్పే పని ఇచ్చి వీ2 ప్రాంతంలో రికార్డు చేశారు. తెర మీది దృశ్యం క్షణక్షణానికీ యాదృచ్ఛికంగా మారుతుంటుంది కాబట్టి, ఏ క్షణంలోని సమాచారాన్ని జంతువు తీర్పుకు వాడుకుందో వెనక్కి లెక్కగట్టవచ్చు. మొదట్లో వచ్చిన సమాచారాన్ని బాగా వాడుకుంది, చివరికొచ్చే కొద్దీ దాని బరువు తగ్గిపోయింది. ఇంద్రియ న్యూరాన్లే తీర్పును నడిపిస్తుంటే చాయిస్ ప్రాబబిలిటీ కూడా చివర్లో పడిపోవాలి. పడలేదు, నిలబడే ఉంది. అంటే చివర్లో కనిపించే ఆ సంబంధంలో కొంతైనా పై నుంచి వచ్చిందే.

ఈ ఫలితాన్ని పట్టుకుని "అంతా పై నుంచే వస్తుంది" అని కూడా అనేయకూడదు. మొదటి కొన్ని క్షణాల్లో కనిపించే సంబంధానికి ఆ వివరణ అంత తేలిగ్గా అతకదు. రెండూ కలగలిసి ఉన్నాయి, పనిని బట్టి, సమయాన్ని బట్టి వాటి పాళ్లు మారతాయన్నది ఇప్పుడు ఎక్కువమంది తీసుకునే వైఖరి.

## కారణమా కాదా తేల్చే పరీక్షలు

మెదడులో కరెంటు పెట్టి ఒకరి తీర్పును మార్చగలరా?

మార్చారు. ఎంటీలో పక్కపక్కన ఉన్న న్యూరాన్లు దాదాపు ఒకే దిశను ఇష్టపడతాయి, నిలువు వరుసల్లా అమరి ఉంటాయి. 1990లో సాల్జ్‌మన్, బ్రిటెన్, న్యూసమ్ అలాంటి ఒక వరుసలో ఎలక్ట్రోడ్ నిలిపి, చుక్కలు కనిపిస్తున్నంతసేపూ 10 మైక్రోఆంపియర్ల సన్నటి కరెంటును సెకనుకు 200 స్పందాలుగా పంపారు. ఆ వరుస పైదిశను ఇష్టపడితే కోతి "పైకి" అని ఎక్కువసార్లు చెప్పడం మొదలుపెట్టింది. తెర మీద ఆ దిశలో కదిలే చుక్కలను ఇంకొన్ని కలిపినట్టే ఉంది ఫలితం. జంతువుకు బహుమతి దొరికేది చుక్కల అసలు దిశ చెబితేనే. అంటే తప్పు చెబితే నష్టమైనా దాని తీర్పు కరెంటు వైపే మొగ్గింది.

ఈ ఒక్క ప్రయోగం "కలిసి మారుతోంది" అన్న మాటను "నడిపిస్తోంది" అన్న మాటగా మార్చింది. అయితే అన్ని చోట్లా ప్రభావం కనిపించలేదు. కరెంటు బాగా పెంచితే అది పక్క వరుసలకు పాకి దిశ ప్రభావం తగ్గిపోయింది, జంతువు పనితనమే దెబ్బతింది.

కరెంటు పెట్టినప్పుడు కోతికి నిజంగా కదలిక కనిపించిందా, ఊరికే అటు చెప్పాలనిపించిందా?

కోతిని అడగలేం. కానీ స్పర్శ మీద రనుల్ఫో రోమో బృందం మెక్సికోలో 1998లో ఇచ్చిన ఫలితం ఈ ప్రశ్నకు చాలా దగ్గరగా వెళ్తుంది. కోతి వేలి కొనకు ఒక కంపనం, కాస్త ఆగి ఇంకో కంపనం ఇస్తారు. రెండోది వేగమా, నెమ్మదా చెప్పాలి. తర్వాత రెండో కంపనాన్ని వేలికి ఇవ్వడం మానేసి, అదే లయలో విద్యుత్ స్పందాలను నేరుగా స్పర్శ ప్రాంతానికి ఇచ్చారు. కోతి దాదాపు అంతే బాగా పోల్చి చెప్పింది. వేలికి తగిలినదాన్ని గుర్తుంచుకుని, మెదడులో పెట్టినదానితో పోల్చిందంటే, ఆ కృత్రిమ స్పందన కంపనంలా పనిచేసినట్టే.

మనుషుల నుంచి ఇంకో ఆధారం ఉంది. మూర్ఛ చికిత్స కోసం ఎలక్ట్రోడ్లు పెట్టిన ఒక రోగికి, ముఖాలను గుర్తించే ప్రాంతంలో కరెంటు ఇస్తే ఎదురుగా ఉన్న డాక్టరు ముఖం సాగి, వేరే మనిషిలా మారినట్టు కనిపించింది. ఈ నివేదిక 2012లో వచ్చింది. ఆయనకు మారింది కనిపించే రూపమే.

ఎంటీ దెబ్బతింటే ఏమవుతుంది?

1983లో యోసెఫ్ జిల్, ఆయన సహచరులు జర్మనీలో ఒక మహిళ గురించి రాశారు. శాస్త్ర గ్రంథాల్లో ఆమెను ఎల్.ఎం. అన్న పొడి అక్షరాలతోనే పిలుస్తారు. మెదడు రెండు వైపులా వెనుక భాగంలో దెబ్బతిన్నాక ఆమెకు కదలిక తెలియకుండా పోయింది. రంగులు, వస్తువులు, ముఖాలు తెలుసు. కానీ కప్పులో టీ పోస్తుంటే ఆ ధార గడ్డకట్టినట్టు కనిపించేది, ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. రోడ్డు దాటబోతే దూరంగా ఉన్న కారు ఉన్నట్టుండి దగ్గరికి వచ్చేసినట్టు ఉండేది. మనుషులు తిరుగుతున్న గదిలో ఉండటమే ఆమెకు కష్టమైంది.

కోతుల్లో 1988లో న్యూసమ్, పారే ఎంటీలో చిన్న భాగాన్ని రసాయనంతో దెబ్బతీసి చూశారు. చుక్కల దిశ చెప్పడానికి మునుపటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కొహెరెన్స్ అవసరమైంది. వెలుగునీడల తేడా గుర్తించడం మాత్రం చెడిపోలేదు. కొన్ని వారాల్లో చాలావరకు కోలుకున్నాయి కూడా. ఈ చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు, కానీ మెదడు వేరే దారులు వెతుక్కుంటుందన్న విషయం అందులోనే ఉంది.

అయితే కదలిక తీర్పులన్నీ ఎంటీ మీదే ఆధారపడతాయని తేలిపోయినట్టేనా?

అంత నేరుగా లేదు. 2017లో లియు, క్రిస్టఫర్ ప్యాక్ ఒక అందమైన పరీక్ష చేశారు. కదిలే చారల దిశ చెప్పడం మాత్రమే నేర్చిన కోతుల్లో ఎంటీని మందుతో తాత్కాలికంగా పనిచేయకుండా ఆపితే పెద్దగా తేడా రాలేదు. తర్వాత అవే కోతులకు చుక్కల పని నేర్పారు. ఆపైన మళ్లీ ఎంటీని ఆపితే, చారల పని కూడా బాగా దెబ్బతింది. అదే దృశ్యం, అదే ప్రశ్న, అదే మెదడు. శిక్షణ మారింది కాబట్టి మెదడు ఏ ప్రాంతం మాట వినాలో మార్చుకుంది.

కాబట్టి "ఈ ప్రాంతం ఈ పనికి" అని పటం గీసుకుని కూర్చోవడం సరికాదు. ఇంద్రియ ప్రాంతాల్లో సమాచారం ఉంటుంది. దాన్ని ఎవరు, ఎప్పుడు చదువుకుంటారన్నది వేరే విషయం, అది అలవాటుతో మారుతుంది.

## ఆధారం నుంచి తీర్పుకు

మరి తీర్పు జరిగేది ఎక్కడ?

ఒక్క చోట అని వేలు పెట్టి చూపించలేం. ఎక్కువగా పరిశీలించింది ఎల్ఐపీ అనే ప్రాంతాన్ని, ఇది కంటి కదలికలతో సంబంధం ఉన్న పెరైటల్ కార్టెక్స్ (తల పైభాగంలో వెనక వైపున్న కార్టెక్స్) భాగం. ఎంటీ న్యూరాన్లు చుక్కలున్నంతసేపు కదలిక బలానికి తగ్గట్టు స్పందిస్తూనే ఉంటాయి. ఎల్ఐపీ న్యూరాన్ల స్పందన మాత్రం మెట్టుమెట్టుగా పైకి ఎక్కుతుంది. కదలిక బలంగా ఉంటే త్వరగా, బలహీనంగా ఉంటే మెల్లగా. 2002లో రోయిట్‌మన్, షాడ్లెన్ కోతికి నచ్చినప్పుడు జవాబు చెప్పే వీలిచ్చారు. కదలిక ఎంత బలంగా ఉన్నా సరే, కళ్లు తిప్పే ముందు స్పందన దాదాపు ఒకే ఎత్తుకు చేరింది. ఆధారం కొంచెం కొంచెం కూడుతూ ఒక గీత దాటగానే తీర్పు వెలువడుతుందన్న గణిత నమూనాకు ఇది చక్కగా సరిపోయింది.

ఎల్ఐపీని ఆపేస్తే తీర్పు ఆగిపోతుందా?

2016లో లియర్ కాట్జ్, అలెగ్జాండర్ హ్యూక్ బృందం సరిగ్గా ఇదే చేసి చూసింది. ఎంటీని ఆపితే చుక్కల తీర్పులు బాగా చెడ్డాయి. ఎల్ఐపీని ఆపితే తీర్పుల నాణ్యతలో పెద్ద మార్పు రాలేదు. తీర్పుతో అంత గట్టిగా ముడిపడి ఉన్నట్టు కనిపించే ప్రాంతం లేకపోయినా పని నడిచింది, చాయిస్ ప్రాబబిలిటీ 0.55 దగ్గరే ఉన్న ఎంటీ లేకపోతే నడవలేదు!

దీన్ని రెండు రకాలుగా చదువుతున్నారు. ఎల్ఐపీలో కనిపించేది తీర్పు నీడ మాత్రమే అని కొందరు. ఒకే పనిని చాలా ప్రాంతాలు పంచుకుంటాయి, ఒకటి ఆగితే మిగతావి అందుకుంటాయని మరికొందరు. నేను రెండో వైపుకు మొగ్గుతాను, కానీ వాదన ముగియలేదు.

అభ్యాసంతో చూపు పదునెక్కుతుంది కదా, అప్పుడు మారేది ఇంద్రియ ప్రాంతమా?

2008లో లా, గోల్డ్ కోతులు చుక్కల పని నేర్చుకుంటున్న నెలల పొడవునా రికార్డు చేశారు. జవాబులు మెరుగవుతూ పోయాయి. ఎంటీ న్యూరాన్ల నిశితత్వం పెద్దగా మారలేదు, ఎల్ఐపీ స్పందన మారింది. ఆధారం ముందు నుంచీ ఉంది, దాన్ని సరిగ్గా చదవడం అలవాటైంది. అన్ని పనుల్లోనూ ఇంతే అని చెప్పలేం, వేరే పనుల్లో ఇంద్రియ ప్రాంతాల్లోనే మార్పులు కనిపించిన సందర్భాలున్నాయి.

నాకు తగిలింది కానీ తెలియలేదు. అప్పుడు ఇంద్రియ ప్రాంతం స్పందించలేదనా?

స్పందించి ఉండవచ్చు. 2005లో డి లఫుయెంటే, రోమో వేలికి అంతంతమాత్రంగా తెలిసేంత బలహీనమైన కంపనం ఇచ్చి, ఉందా లేదా చెప్పమన్నారు. కోతి "ఉంది" అన్నప్పుడూ, "లేదు" అన్నప్పుడూ ప్రాథమిక స్పర్శ ప్రాంతం దాదాపు ఒకేలా స్పందించింది. అది కంపనం బలాన్ని నమ్మకంగా చెబుతోంది, కోతి జవాబును కాదు. తల ముందు భాగంలో, శరీర కదలికలను సిద్ధం చేసే ప్రీమోటార్ న్యూరాన్లు మాత్రం జవాబును బట్టి మారాయి.

## మనుషుల్లో, రోజువారీ జీవితంలో

స్కాన్‌లో ఒక భాగం "వెలిగింది" అంటే అక్కడే నిర్ణయం జరిగిందనా?

కాదు. ఇలాంటి వార్తల్లో ఎక్కువగా కనిపించే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ కొలిచేది న్యూరాన్ల స్పైకులను కాదు, రక్తంలో ఆక్సిజన్ మార్పును. అది అయిదారు సెకన్లు ఆలస్యంగా పతాక స్థాయికి వస్తుంది. తీర్పు సెకనులోపే అయిపోతుంది. ముందు నుంచి వచ్చిన ఆధారమా, వెనక్కి వచ్చిన మొగ్గా అన్నది ఆ రంగుల బొమ్మలో తేలదు. రెస్, హీగర్ 2003లో మనుషులకు మసక బొమ్మ ఉందా లేదా చెప్పే పని ఇచ్చి, వీ1లో ఒక విశేషం చూశారు: బొమ్మ లేకపోయినా "ఉంది" అన్నప్పటి స్పందన, ఉన్నా "లేదు" అన్నప్పటి స్పందన కంటే ఎక్కువ. వీ1 స్పందన మనిషి అనుకున్నదానితో నడిచింది. ఆ స్పందన వల్లే అలా అనుకున్నారా, అలా అనుకోవడం వల్ల స్పందన పెరిగిందా అన్నది ఆ కొలత ఒక్కదానితో చెప్పలేం.

రాత్రి పొలం గట్టు మీద తాడును చూసి పామని ఎగిరి పడతాం. అది కంటి తప్పా, నిర్ణయం తప్పా?

ఎక్కువసార్లు తప్పే కాదు. తీర్పుకు రెండు భాగాలుంటాయి: ఆధారం ఎంత స్పష్టంగా ఉందన్నది ఒకటి, ఎంత ఆధారం ఉంటే "పాము" అనాలన్న గీత ఇంకొకటి. తాడును పామనుకుంటే పోయేది ఒక గంతు. పామును తాడనుకుంటే ప్రాణం పోవచ్చు. అందుకే చీకట్లో ఆ గీత బాగా కిందికి దిగుతుంది. కన్ను చెప్పింది మారకపోయినా జవాబు మారుతుంది. ఎక్స్-రే చదివే డాక్టరుకూ ఇదే చిక్కు: అనుమానపు గీతను కిందికి దించితే జబ్బు తప్పిపోదు, కానీ లేని జబ్బులు కనిపిస్తాయి. "ఎన్ని తప్పులు చేశారు" అని మాత్రమే లెక్కపెడితే ఈ రెండూ కలిసిపోతాయి, విడివిడిగా కొలవాలి.

ఎలుకల మీద కొత్త పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఒకప్పుడు ఒక్కో న్యూరాన్ రికార్డు చేసేవారు. ఇప్పుడు న్యూరోపిక్సెల్స్ అనే సన్నటి ప్రోబ్‌తో ఒకేసారి వందల న్యూరాన్లు వస్తాయి. ఇంటర్నేషనల్ బ్రెయిన్ ల్యాబొరేటరీ అనే ఉమ్మడి ప్రయత్నంలో చాలా ల్యాబులు ఒకే పనిని ఒకే పద్ధతిలో చిట్టెలుకలకు నేర్పి, మెదడు మొత్తం మీద 279 ప్రాంతాల్లో రికార్డు చేశాయి. 2025లో వచ్చిన ఆ ఫలితాల్లో తీర్పుకు సంబంధించిన సంకేతాలు ఒకటి రెండు చోట్ల కాక మెదడంతా పరుచుకుని కనిపించాయి. పటం పెద్దదైంది. వాటిలో ఏవి తీర్పును నడిపిస్తున్నాయో, ఏవి కేవలం వింటున్నాయో ఒక్కొక్కటిగా ఆపి, కదిలించి చూడాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.

ఇది చదవాలంటే ఏ దారి? బయాలజీయే చదివి ఉండాలా?

అక్కర్లేదు. ఈ రంగంలో మంచి పని చేసేవాళ్లలో ఫిజిక్స్, ఇంజనీరింగ్, సైకాలజీ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. మన దగ్గర హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సెంటర్ ఫర్ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో సెంటర్ ఫర్ న్యూరోసైన్స్ ఉంది, అక్కడ చూపు, ధ్యాస, నిర్ణయాల మీద పనిచేసే ల్యాబులున్నాయి. ముందుగా సంభావ్యత, గణాంకాలు గట్టిగా నేర్చుకోండి. ప్రోగ్రామింగ్ కొద్దిగా వస్తే, కదిలే చుక్కల పనిని మీ ల్యాప్‌టాప్‌లోనే రాసుకోవచ్చు. కొహెరెన్స్ మారుస్తూ ఇంట్లోవాళ్ల జవాబులు నమోదు చేసి గీత గీయండి. 0 శాతం దగ్గర వాళ్లు ఏ దిశ ఎక్కువగా చెబుతున్నారో, ముందు చెప్పిన జవాబు తర్వాతి జవాబును లాగుతోందో కూడా చూడండి. ఎలక్ట్రోడ్ ఏదీ లేకుండానే అసలు ప్రశ్నల్లో సగం అక్కడే ఎదురవుతాయి.